అక్క వంతు

డబ్బింగ్ థియేటర్లోకి ఫోను తీసుకెళ్లకూడదు. ఇన్నేళ్లలో ఆ నియమం స్ఫూర్తిని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ వారం మాత్రం ఫోనును బయట బల్ల మీద వదిలి లోపలికి వెళ్లాలంటే మనసు ఒప్పలేదు.

ఆమె అక్క సువార్త ఢాకాలో ఉంది. భర్త కమలాకర్‌తో కలిసి మీర్‌పూర్‌లో మిషన్ తరఫున ఆడపిల్లల హాస్టల్ నడుపుతోంది. ఆ జూలైలో విద్యార్థుల ఆందోళనతో నగరం అట్టుడికిపోయింది. కాల్పులు జరిగాయి. కర్ఫ్యూ పెట్టారు. ఇంటర్నెట్ ఆపేశారు. మనవాళ్లు చాలామంది సరిహద్దు దాటి వచ్చేస్తున్నారని టీవీలో చూపించారు. సువార్త రానంది. కర్ఫ్యూ వల్ల తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్లలేకపోయిన పిల్లలు ఇంకా హాస్టల్లోనే ఉన్నారు, వాళ్లను ఎవరికి అప్పజెప్పి రావాలని ఆఖరి ఫోన్‌లో అడిగింది. అంతలోనే కిటికీల్లోంచి పొగ వస్తోందని, పిల్లల మొహాలకు తడిగుడ్డలు కట్టాలని చెప్పింది. విపరీతమైన దగ్గు వినిపించింది. లైను తెగిపోయింది.

మళ్లీ కలవలేదు.

ఫిల్మ్‌నగర్ స్టూడియోలో స్ఫూర్తి ఆ వారం గొంతు ఇస్తున్నది ఒక హాస్య చిత్రంలో హీరోయిన్‌కి. ఆ అమ్మాయి సినిమా అంతా నవ్వుతూనే ఉంటుంది. తెర మీద ఆమె నోరు తెరిచినప్పుడల్లా మైకు ముందు స్ఫూర్తి నవ్వాలి. డబ్బింగ్ చూసుకునే అచ్యుతరామయ్య పెద్దమనిషి, పని దగ్గర మొహమాటం లేని మనిషి. నవ్వు పైపైన వస్తోందని మూడుసార్లు ఆపించాడు. సౌండ్ ఇంజనీర్ రఘునందన్ ఆయన చెవిలో సంగతి చెప్పాక ఇంక ఏమీ అనలేదు. నవ్వులన్నీ ఆఖరికి పెట్టమని, ముందు మామూలు డైలాగులు కానివ్వమని చెప్పి కాఫీ తెప్పించాడు.

స్ఫూర్తి ఇల్లు బోరబండలో. తల్లి మల్లమ్మ, తను, ఇద్దరే. ఆ ఇంట్లో సాయంత్రం వంట దించాక, అన్నం వడ్డించుకునే ముందు ప్రార్థన జరగాలి. దానికి మల్లమ్మ పెట్టిన పద్ధతి ఒకటుంది. ఒక్కొక్కరూ తమ వంతులో ఆ రోజు దొరికిన మేలు ఒకటి చెప్పి స్తోత్రం చెల్లించాలి. పెద్ద మేలే కానక్కరలేదు. బస్సులో సీటు దొరికినా చాలు. చిన్నప్పుడు సువార్త, లెక్కల సారు బడికి రాలేదు స్తోత్రం అని చెప్పి మొట్టికాయ తింది. ముందు మల్లమ్మ, తర్వాత సువార్త, ఆ తర్వాత స్ఫూర్తి. సువార్త ఢాకా వెళ్లాక కూడా ఆ వరుస తప్పలేదు. ఫోన్ స్పీకర్లో తన వంతు తను చెప్పేది. చివర్లో కమలాకర్, హాస్టల్ పిల్లలు కూడా చేరారు.

లైను తెగిన సాయంత్రం మల్లమ్మ తన మేలు చెప్పి ఆగింది. కాసేపు చూసి స్ఫూర్తి తనది మొదలుపెట్టబోయింది. మల్లమ్మ చెయ్యెత్తింది.

"దాని వంతు ఎందుకు గుంజుకుంటవు? జర ఆగు."

"అక్క లైన్ల లేదమ్మా."

"ఫోన్ల లేదు. గాడ పొద్దుగూకదా? గాళ్లు గూడ గిదే యాళ్లకు కూసుంటరు. చెప్పుకోనియ్యి."

ఇద్దరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. సువార్త ఎప్పుడూ కొంచెం ఎక్కువే మాట్లాడేది. అంతసేపూ మల్లమ్మ ఆగింది. తర్వాతే స్ఫూర్తికి తల ఊపింది.

ఆ నిశ్శబ్దం స్ఫూర్తికి కొత్త కాదు. తన పనే అది. డబ్బింగ్‌లో ఎదుటి ఆర్టిస్టు పక్కన ఉండరు. తన మాట తను చెప్పి, అవతలి వాళ్ల మాట పట్టేంత జాగా వదిలి, మళ్లీ తన మాట అందుకోవాలి. అవతలి వాళ్లు ఏ మరుసటి రోజో వచ్చి ఆ ఖాళీ నింపుతారు. నింపుతారా లేదా అని ఎవరూ అనుమానపడరు.

మర్నాడు ప్రార్థనంతా ఫోన్‌లో రికార్డు చేసింది. అక్క వంతు దగ్గర ఖాళీ అలాగే ఉంచింది. ఇంటర్నెట్ తిరిగొచ్చినా వాట్సాప్ వెంటనే రాకపోవచ్చు, మెయిల్ అయితే ముందు అందుతుందని రఘునందన్ సలహా ఇచ్చాడు. స్టూడియో కంప్యూటర్ నుంచి తనే పంపాడు. భీమవరం వైపు కుర్రాడు, పెద్దగా మాట్లాడడు. రోజూ పంపుదామండీ, ఏ రోజుది అందినా అందినట్టే, అన్నాడు. ఆ రోజు నుంచి స్ఫూర్తి స్టూడియోలో అడుగుపెట్టగానే మొదటి పని అదే అయింది.

వాయిదా వేసిన నవ్వుల రోజు వచ్చింది. మధ్యాహ్నం స్ఫూర్తి మైకు ముందు నిలబడి, తెర మీద ఐస్‌క్రీం తింటున్న అమ్మాయి నోటికి నవ్వు అతికించే ప్రయత్నంలో ఉంది. అద్దం అవతల రఘునందన్ కంప్యూటర్ మీదికి వంగాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో విన్నాడు. చేతులు చకచకా కదిలాయి. తర్వాత లేచి నిలబడ్డాడు.

స్ఫూర్తి చెవిలో అతని గొంతు వినిపించింది.

"ఢాకా నుంచి మెయిల్ వచ్చిందండీ."

ఆమె బయటికి పరుగెత్తింది. మెయిల్లో ఒక్క అక్షరం కూడా రాసి లేదు. ఒక్క ఆడియో ఫైల్ మాత్రం ఉంది. జనరేటరు మోత, హెలికాప్టర్ చప్పుడు, చాలా రొదగా ఉంది, మీకు బాగా వినపడాలని తీసేశాను, అన్నాడు రఘునందన్. పెద్ద స్పీకర్లలో పెట్టాడు.

ముందు మల్లమ్మ గొంతు వచ్చింది. మోకాలి నొప్పి తగ్గినందుకు స్తోత్రం చెబుతోంది. తాము పంపిన రికార్డింగే అది. అక్కడ దాన్ని పెట్టుకుని, దాని వెంట వాళ్ల ప్రార్థన చేసుకున్నారన్నమాట.

తర్వాత అక్క వంతు.

ఏమీ లేదు. ఊపిరి కూడా లేదు.

ఆ ఖాళీ అయ్యాక స్ఫూర్తి గొంతే వినిపించింది. తర్వాత కమలాకర్, బియ్యం దొరికాయి, స్తోత్రం అన్నాడు. ఆ వెనక పిల్లలు ఒక్కొక్కరే సగం బెంగాలీలో, సగం తెలుగులో చెప్పారు. అందరూ కలిసి ఆమేన్ అన్నారు. అయిపోయింది.

అచ్యుతరామయ్య కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. స్ఫూర్తి మళ్లీ పెట్టమంది. మళ్లీ అదే. అమ్మ చెప్పింది, ఖాళీ, తను చెప్పింది. తాము సువార్త కోసం జాగా వదిలినట్టే బావ కూడా వదిలాడు. ఎందుకు వదిలి ఉంటాడో ఊహించి ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ సాయంత్రం అమ్మ తన మేలు చెప్పి ఆగుతుంది. అప్పుడు తను ఏం చెయ్యాలి?

స్టూడియోలో ఎవరూ ఎప్పుడూ వినని బోరబండ మాటలో అడిగింది.

"రఘూ, నువ్వు తీసేసిన గా రొద ఉన్నదా?"

"ఒరిజినల్ ఉందండీ. కానీ దాంట్లో ఏమీ..."

"అదే పెట్టు. అది మా అక్క ఉన్న ఇల్లు. జర ఇననియ్యి."

అతను పెట్టాడు. గది నిండా మోత. జనరేటరు పక్కనే ఉన్నట్టుంది. పైన హెలికాప్టర్ తిరుగుతోంది. ఎక్కడో గిన్నె కింద పడింది. ఒక పిల్ల తుమ్మింది. స్ఫూర్తి కళ్లు మూసుకుని ఆ ఇంట్లో తిరిగింది. మల్లమ్మ గొంతు వచ్చి వెళ్లింది. అక్క వంతు వచ్చింది. మోతలో మోతగా ఏదో గాలి బుసలా కొట్టింది. ఆగి, మళ్లీ కొట్టింది.

స్ఫూర్తి లేచి స్పీకర్‌కి చెవి ఆనించింది. రఘునందన్ శబ్దం పెంచాడు.

అది ఊపిరి. మాటలు పలుకుతున్న ఊపిరి.

"గొంతు పోయింది. గా పొగకు. డాక్టరు నెల దాక మాట్లాడొద్దన్నడు. ఇగ నా కేకలుండయని పిల్లలు సంబురపడుతున్నరు. గందుకు స్తోత్రం."

రఘునందన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నాదం లేని మాట అది, ఉత్త గాలి. రొద తీసే సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా రొదే అనుకుంది. తీసేసింది నేనేనండీ, నేనేనండీ, అని గొణుగుతున్నాడు. స్ఫూర్తి అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పబోయింది. నవ్వు వచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. అచ్యుతరామయ్య మైకు వైపు ఒకసారి చూసి, మనసు మార్చుకుని, కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్లమ్మా. అమ్మగారికి వినిపించు. సినిమా నవ్వు రేపు చూసుకుందాం."

దారిలో చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్, యూసఫ్‌గూడలో వాన. స్కూటీ మీద తడిసి ముద్దయి ఇల్లు చేరేసరికి మల్లమ్మ పప్పు దించుతోంది. రొదతో సహా రికార్డింగ్ మొత్తం విన్నది. మళ్లీ పెట్టించుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మిరియాల పాలు తాగుమని చెప్పు దానికి, అంది. అంతే. చాప పరిచింది.

తన మేలేమిటో మల్లమ్మ వేరే చెప్పలేదు. స్తోత్రం అని మాత్రం అని, ఆగింది.

రేపు పంపడానికి స్ఫూర్తి ఫోన్ ఆ ప్రార్థనను రికార్డు చేస్తోంది. ఎప్పుడూ ఆగేంతసేపు అయింది. స్ఫూర్తి తన మాట అందుకోవడానికి సిద్ధమై తల్లి వైపు చూసింది. మల్లమ్మ కళ్లు తెరవలేదు, తల ఊపలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. గొంతు లేని మనిషికి చెప్పుకోవడానికి సమయం పడుతుంది.