తొమ్మిది వేలిముద్రలు

మా వార్డు కార్పొరేటరు పోవడంతో ఉప ఎన్నిక వచ్చింది. మా ఇళ్ళ వెనక పారే గెడ్డకి గోడ కట్టిస్తానని మా ఆవిడ పుష్ప కుట్టుమిషన్ గుర్తు మీద నిలబడింది. మల్కాపురంలో నాలుగు చినుకులు పడితే చాలు, ఆ గెడ్డ మురుగంతా మా మంచాల కిందికి వస్తుంది. గోడ తప్ప మాకు ఇంకో కోరిక లేదు.

ఆరు ఓట్లతో ఓడిపోయింది. చెల్లనివని పక్కన పెట్టినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ కుట్టుమిషన్ మీదే పడ్డాయి.

లెక్కింపు బల్ల దగ్గర ఏజెంటుగా నేనే కూర్చున్నాను. ఆ కాగితాల మీద రబ్బరు స్టాంపు గుర్తు లేదు, బొటనవేలి ముద్రలున్నాయి. "ముద్రని బట్టి ఓటెవరిదో తెలిసిపోతుంది కాబట్టి చెల్లదు" అన్నాడు అధికారి. ఒక ముద్రకి అడ్డంగా గీత ఉంది. చేపలు కోస్తుంటే కత్తిపీట తగిలి మా అమ్మ వేలికి పడ్డ గీత అది. ఆ వేలు నాకు తెలీదా?

మా అమ్మ చిట్టెమ్మకి చదువు రాదు గానీ పెత్తనం బాగా వచ్చు. పోలింగుకి ముందురోజు కుళాయి దగ్గర తన ఈడు ఆడవాళ్ళని ఎనిమిది మందిని కూడేసి పాఠం చెప్పింది. "రేసనుకైనా, పింసనుకైనా ఏలే కదర్రా? కుట్టుమిసను బొమ్మ మీద గట్టిగా నొక్కీయండి." సంతకం రానివాళ్ళ చేత బూత్‌లో ముందు జాబితాలో వేలిముద్ర వేయిస్తారు. సిరా ఆరని ఆ వేలితోనే మా అమ్మతో కలిపి తొమ్మిది మందీ అలాగే నొక్కి, చేతికిచ్చిన స్టాంపుని భద్రంగా తిరిగి ఇచ్చేశారు.

అధికారులే కావాలని కొట్టేశారని నేనూ పుష్పా అమ్మతో అబద్ధమాడాం. అది నమ్మి వీధి వీధంతా వినేలా వాళ్ళని తిట్టిపోసేది. ఆ తొమ్మిది ఓట్లూ లెక్కలోకి తీసుకోవాలని మేం కోర్టుకెక్కాం. వాయిదాలకి తిరిగి చెప్పులరిగాయి. ఈలోగా రెండు వానాకాలాలు వెళ్ళిపోయాయి. గెలిచిన పెద్దమనిషి గెడ్డ వైపు తొంగి చూడలేదు. రెండో ఏడు వానకి గెడ్డ పొంగి పక్కింటి పాపాయమ్మ పిన్ని ఇంటి గోడ ఆవిడ మీద కూలింది. ఆవిడ కాలు విరిగి మంచాన పడింది.

మొన్న జడ్జిగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. కౌన్సిల్ గడువే అయిపోయింది కాబట్టి ఈ కేసుతో ఇక పనిలేదట. ఆ ఓట్లు చెల్లుతాయో లేదో కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏటన్నారు నాయినా? ఆ ఎదవల్ని జైల్లో ఎట్టారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆళ్ళేటి సేసినారే? స్టాంపు ఎయ్యాల! ఏలేసింది నువ్వు, అందరిసేతా ఏయించింది నువ్వు!"

పుష్ప నా చెయ్యి పట్టుకుని లాగింది. అప్పటికే అనేశాను.

అమ్మ ఏడవలేదు. బొటనవేలిని తిప్పి తిప్పి చూసుకుంది. "అయితే పాపాయమ్మ కాలు నానే ఇరగ్గొట్టినానేటి?" అంది. కోర్టు మీద కోపం కన్నతల్లి మీద చూపించిన నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

ఒకటో తారీఖున పింఛనిచ్చే అమ్మాయి నీలిమ వేలిముద్రల మిషను పట్టుకుని వచ్చింది.

"మామ్మా, ఏలెట్టు."

అమ్మ చెయ్యి కొంగులో దాచేసుకుంది.

"ఒద్దు తల్లీ. మళ్ళీ ఎవలి కొంప ములుగుతాదో."