కామాక్షమ్మ తలకట్లు

నేను ఒక చిన్న కుంచెను. ఉడుత తోక వెంట్రుకలు, ఒక రేకు బిగింపు, జానెడు కర్ర, అంతే నా ఒళ్లు. కావలి బస్టాండు దగ్గర బోర్డులు రాసే పెంచలయ్య నన్ను కొన్నాడు గానీ తన చేతిలో ఉంచుకోలేదు. తెచ్చిన రోజే భార్య కామాక్షమ్మకు ఇచ్చి, "అక్షరాలు నేను రాస్తా, తలకట్లు నువ్వు పెట్టు" అన్నాడు.

పెంచలయ్య మొదట బొమ్మలు గీసేవాడట. బొమ్మలను అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ కొనలేదు. అందుకని అక్షరాల్లోకి దిగాడు. పెద్ద కుంచెతో బోర్డంతా బోడితలల అక్షరాలు రాసి పక్కకు జరిగితే, కామాక్షమ్మ నిచ్చెనెక్కి నాతో వరసగా తలకట్లు పెట్టుకుంటూ పోయేది. ఆమెకు చదువు రాదు. ఎక్కడ పెట్టాలో తెలియడానికి అతను సుద్దముక్కతో చుక్కలు పెట్టేవాడు. ఒకసారి గోడ మీంచి రాలిన సున్నాన్ని చుక్క అనుకుని 'లక్ష్మీ'లోని 'ల'కు కూడా తలకట్టు తగిలించింది. "లక్ష్మీదేవికి కొప్పు పెట్టినావు గదే!" అని పెంచలయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. కొట్టు యజమాని మాత్రం నవ్వలేదు. మా ముగ్గురికీ అవి మంచి రోజులు.

తరవాత ఫ్లెక్సులొచ్చాయి. బోర్డులు అడిగేవాళ్లు లేకపోయేసరికి పెంచలయ్య ఫ్లెక్సు దుకాణంలోనే పనికి కుదిరాడు. మొదట్లో మౌసును కూడా కుంచెలాగా పైకెత్తి పట్టుకునేవాడు. తెర మీద బాణం కదలకపోతే మిషను చెడిపోయిందని గోల పెట్టేవాడు. నేర్పేవాళ్లు లేరు. ఇంగ్లీషు వీడియోలు పెట్టుకుని, మాట అర్థం కాకపోయినా, వాళ్లు ఎక్కడ నొక్కుతున్నారో చూసి తానూ నొక్కేవాడు. అలా కిందా మీదా పడి, చివరికి ఇంట్లోనే కంప్యూటరు పెట్టి వెబ్‌సైట్లు చేసేంతవాడయ్యాడు. పట్టుదల గల మనిషి, కాదనను.

ఒకరోజు కామాక్షమ్మ టీ తెచ్చి తెర వైపు చూసింది.

"తలకట్లు ఎవురు పెట్టినారయ్యా?"

"ఎవురూ పెట్టే పన్లేదు. అక్షరంతోనే వచ్చేస్తాయి."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ నెలలోనే రొయ్యల కంపెనీలో చేరింది. అక్షరాలకు తలలు పెట్టిన చేతులు రొయ్యలకు తలలు తీయడం మొదలుపెట్టాయి. నేను అటక మీద డబ్బాలో పడి ఉన్నాను. ఆ చేతి కోసం బెంగపడ్డానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఏళ్లు గడిచాక, పచ్చళ్లు అమ్మే కంపెనీ ఒకటి తమ వెబ్‌సైటుకు చేత్తో రాసిన అక్షరాలు కావాలంది. పచ్చడి మిషనులో చేసినా అక్షరం మాత్రం ఇంట్లో చేసినట్టుండాలట. పెంచలయ్య పాత బోర్డుల వంపులు గుర్తు చేసుకుని అక్షరాలన్నీ తెర మీద గీశాడు. గీసి, "కామాక్షీ, కుంచె తియ్యి. రేపు నీ తలకట్లు గావాల" అన్నాడు.

ఆ పూట ఆమెను చూడాలి! నన్ను కిరసనాయిల్లో నానబెట్టింది, అతుక్కున్న వెంట్రుకలను ఒక్కొక్కటే విడదీసింది. మర్నాడు పొద్దున పనికి పోలేదు. తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, చాప మీద కూర్చుంది. అతను తెల్ల కాగితం పరిచాడు. కామాక్షమ్మ నన్ను నల్ల సిరాలో ముంచి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఒక తలకట్టు పెట్టింది. గీత ఎక్కడా చెదరలేదు.

"భలే ఉండాది" అని అతను కాగితం తీసుకెళ్లి ఫోనుతో ఫొటో తీశాడు. ఆమె నన్ను మళ్లీ సిరాలో ముంచింది.

"ఇంకో కాయితం ఇయ్యి."

"ఇంకెందుకే? ఒక్కటి చాలు. అన్నిట్కీ అదే అతికిస్తా."

ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించి మీట నొక్కాడు. తెర మీద బోడితలలన్నిటికీ ఒక్కసారే తలకట్లు పడ్డాయి. "చూడు, ఇంక లోకమంతా నీ తలకట్టే!" అన్నాడు. నిజంగానే సంతోషంతో అన్నాడు. తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"పొద్దంతా పనుంటాదనుకున్నా" అంది కామాక్షమ్మ. "సెలవు పెట్టినా గదయ్యా."

అతను వినలేదు. ఆమె నన్ను చాప పక్కన పెట్టి, చీర మార్చుకుని మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను కంప్యూటరు పక్కన గాజు గ్లాసులో ఉంటున్నాను. వచ్చినవాళ్లకు పెంచలయ్య నన్ను గొప్పగా చూపిస్తాడు. రెండో తలకట్టు కోసం ముంచిన సిరా నా వెంట్రుకల్లోనే గట్టిపడిపోయింది.