ఇతర ఆదాయం

ఆదిలక్ష్మి పెట్టె ముప్పై ఒకటిన్నర కిలోలు తూగింది. ఆమె టికెట్టుకి ముప్పై కిలోలే అనుమతి, కాబట్టి కిలోన్నర బయటికి రావాలి. దుప్పటి ముట్టుకోనివ్వదు. అది అత్తగారికి. రెండేళ్ళు ఎవరింట్లోనో గిన్నెలు తోమి, దుప్పటి లేకుండా రాజోలులో బస్సు దిగలేదు.

"పాలపొడి డబ్బా తీసెయ్యక్కా," అంది చివరికి. "మా ఆయన తాగేదాంట్లో పాలు కలపక్కర్లేదులే."

నవ్వుకుంటూ తీశాను. ఇక్కడ గల్ఫులో ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు ఊరికి పట్టుకెళ్ళే సామాను డేరా బజారులో టోకున కొని, కరామాలోని మా హాల్లో అమ్ముతాను. దుప్పట్లు, సెంట్లు, సబ్బులు, డిన్నర్ సెట్లు. ఆదివారం వాళ్ళకి పూట సెలవు, ఆ పూటే నా దుకాణం. ఒక్కసారిగా ఇచ్చేంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి నెలకి నూరో నూటయాభయ్యో కడతారు. పద్నాలుగేళ్ళుగా నడుపుతున్నాను. ఎవరి పెట్టెనైనా ముందు ఖాళీగా తూస్తాను, సామాను తరవాత. డేరాలో సనావుల్లా గోడౌనులో నేను నేర్చుకున్న మొదటి సంగతి అది. అట్టపెట్టె బరువుని సరుకులో కలిపి చెప్పేవాళ్ళే ఎక్కువ.

అప్పుడే మా ఆయన హయాత్ బాషా మిఠాయి డబ్బాతో లోపలికొచ్చాడు. వెనక మా అమ్మాయి ఫైజా, చేతిలో ఫోను.

"చూస్తివా వజీరా, బిడ్డకి సగం ఫీజు మాఫ్," అన్నాడు. మెట్రో దిగేలోపే నెల్లూరుకి, షార్జాలోని తమ్ముడికి, ఆఫీసులో ముదీర్‌కి, అంటే మేనేజరుకి, చెప్పేశాడట. ఆదిలక్ష్మి నోట్లో కూడా ఒక మిఠాయి పెట్టించాడు.

ఫైజాకి పన్నెండో తరగతిలో తొంభైమూడు శాతం వచ్చింది. ఫార్మసీ చదవాలని దాని కోరిక. ఇక్కడి యూనివర్సిటీలో సీటు వచ్చింది, ఏడాదికి యాభై ఎనిమిది వేల దిర్హాములు. ఫోనులో వచ్చిన ఉత్తరంలో పైన లావు అక్షరాలతో 'మొత్తం సహాయం: 29,000' అని ఉంది. నేను పదో తరగతి దాకే చదివాను, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. అయినా ఇన్వాయిసు చదవడం వచ్చినవాళ్ళకి ఏ కాగితమైనా అంతే. కింది వరసలు ఒక్కొక్కటీ వేలితో పట్టుకుని చదివాను. అయిదు వేల ఎనిమిది వందలు ఫీజులో తగ్గింపు. పద్నాలుగు వేల రెండు వందలు ఆలస్యంగా కట్టే వీలు, దానికి వేరే రుసుము. తొమ్మిది వేలు క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకునే అవకాశం, పని ఖాళీ ఉంటే.

"ఇందులో వాళ్ళిచ్చేది అయిదు వేల ఎనిమిది వందలే," అన్నాను. "ఒకటేమో అప్పు. ఇంకోటేమో కూలి. మిగిలినదంతా అట్టపెట్టె."

"నువ్వు దుప్పట్లు అమ్ముకోవే. యూనివర్సిటీ లెక్కలు నీకేం తెలస్తయ్?" అన్నాడు. కానీ ఫోను తీసుకుని మళ్ళీ చదివాడు. మూడోసారి చదివాక మిఠాయి డబ్బాకి మూతపెట్టాడు.

ఆ కాగితం అట్లా రావడంలో నా చెయ్యి కూడా ఉందని తరవాత తెలిసింది. ఫారం నింపిన రోజు నేను వంటింట్లో గంజి వారుస్తున్నాను. "అమ్మీ గురించి ఏం రాయాలి అబ్బా?" అని ఫైజా అడిగింది. "హౌస్‌వైఫ్ కొట్టు. ఆదాయం సున్నా పెట్టు," అన్నాడు. విన్నాను. గిన్నె దించి హాల్లోకి వెళ్ళి ఒక మాట అనొచ్చు. అనలేదు. ఆ మాటలు కొత్త కాదు. ముదీర్ మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు నా పెట్టెలన్నీ బాల్కనీలోకి తోసి పైన పాత దుప్పటి కప్పాడు. ఎవరైనా అడిగితే "ఆమెకి టైంపాస్" అంటాడు. అత్త అయితే "మా కోడలు ఖాళీగా కూసోదులే, ఏందో ఒకటి సర్దుతా ఉంటది" అనేది. ఆ టైంపాస్ డబ్బుతోనే ఇంటికి బియ్యం, నూనె, ఫైజా స్కూలు బస్సు. ఇదంతా పక్కన పెడితే, ఆ రోజు నేను ఊరుకున్నది అభిమానం చంపుకుని కాదు, లెక్క వేసుకునే. ఆదాయం ఎంత తక్కువ కనిపిస్తే సాయం అంత ఎక్కువ వస్తుంది, నా పేరు పక్కన సున్నా ఉంటే మాకే లాభం అనుకున్నాను.

మంగళవారం ముగ్గురం యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ తహ్మీనా అనే ఆవిడ, నా వయసే ఉంటుంది, ఉర్దూలో నిదానంగా మాట్లాడుతుంది. సీటుకి గురువారం లోపు మొదటి వాయిదా కట్టాలని చెప్పి, కంప్యూటరు మా వైపు తిప్పింది. మా ఆయన ఆరు నెలల బ్యాంకు కాగితాలు అందులో ఉన్నాయి.

"జీతం తొమ్మిది వేల రెండు వందలు, సరే. మరి ఇవి?"

నూరు, నూటయాభై, నూరు, రెండు వందలు. డబ్బులు వేసే మిషన్లో మా ఆడవాళ్ళు వేసినవి. ఒక్కో వరసా చూస్తుంటే ఇది ఆదిలక్ష్మి దుప్పటి, ఇది ఫలానా వాళ్ళ డిన్నర్ సెట్టు అని నాకు తెలిసిపోతూ ఉంది. నా పేరున ఖాతా లేదు. "ఇంట్లో రెండు ఖాతాలెందుకే, బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకోడు కోస్తాడు" అన్నాడు మా ఆయన పద్నాలుగేళ్ళ కింద. శనివారం కార్డు అడిగి తీసుకుని, మిషన్లో నోట్లు తీసి, సనావుల్లా చేతికిచ్చేదాన్ని. వచ్చేది కనపడుతుంది. పోయేది మాత్రం ఇంటిఖర్చులాగే కనపడుతుంది. నెలకి సగటున ఎనిమిది వేల నాలుగు వందలని తీసి, తహ్మీనా దానికి 'ఇతర ఆదాయం' అని పేరు పెట్టింది. రెండూ కలిపితే పదిహేడు వేల ఆరు వందలు. ఆ ఆదాయం మెట్టు వాళ్ళకి పది శాతమే తగ్గింపు.

"అది ఆదాయం కాదు మేడమ్," అన్నాడు మా ఆయన నవ్వుతూ. "మా ఇంటామె టైంపాస్. ఏవో దుప్పట్లు."

"టైంపాస్‌కి ఫారంలో గడి లేదు భాయ్‌సాబ్," అని ఆమె నా వైపు తిరిగింది. "బాజీ, ఇందులో మీకు మిగిలేదెంత?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. "రెండు వేల నూరు," అన్నాను వెంటనే. "రంజాన్ నెలలో కొంచెం ఎక్కువ."

ఆమె పెన్సిలుతో కాగితం మీద కూడింది. పదకొండు వేల మూడు వందలు. "పన్నెండు వేల లోపైతే నలభై శాతం తగ్గుతుంది," అంది. ఫైజా బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. నలభై శాతమంటే ఇరవై మూడు వేల రెండు వందలు. నా గాజులు కుదువ పెడితే మిగతాది ఎట్లాగో అందుకోవచ్చు. కళ్ళు మూసి తెరిచేలోపు మొదటి ఏడాది మొత్తం లెక్క వేసేశాను. "లైసెన్సు, కొన్న బిల్లులు తీసుకురండి. రేపే మార్చి పంపుతాను," అంది.

సనావుల్లా బిల్లంటే చింపిన అట్టముక్క మీద మార్కరుతో రాసిన అంకెలు. లైసెన్సు లేదు. ఫైజా వాళ్ళబ్బా వైపు చూశాను. ఆయన ఏసీ వైపు చూస్తున్నాడు. తహ్మీనా పెన్సిలు కింద పెట్టింది. గొంతు తగ్గించి, "లైసెన్సు లేకుండా అమ్ముతున్నానని మీరు రాసిస్తే ఆ కాగితం నేను ఫైల్లో పెట్టాలి. పెట్టమంటారా బాజీ?" అంది.

వద్దన్నాను. ఇంకేమనాలి? పనిచేశానని చెప్పుకుంటే తప్పు చేసినట్టు. చెప్పకపోతే ఎనిమిది వేల నాలుగు వందలు మిగుల్చుకుని దాచుకుంటున్నట్టు. రెండు వైపులా తూచి చూశాను, నష్టం నా బిడ్డదే. బేరంలో ఎక్కడో ఒకచోట సందు దొరుకుతుంది. సనావుల్లాతో ఇరవై మాటలాడి అయిదు దిర్హాములు తగ్గించుకుంటాను. ఆ గదిలో మాత్రం బేరానికి సందు లేదు. ఆమె మంచిది కూడా, కోపం తెచ్చుకుందామన్నా వీలు లేదు.

మెట్రోలో మా ఆయన అన్నాడు: "నీ దుప్పట్ల వల్ల బిడ్డ సదువు పొయ్యింది. ఎప్పుడో ఆపెయ్యమంటి."

ఎప్పుడూ అనలేదు. శనివారం శనివారం కార్డు తీసిచ్చింది ఆయనే.

ఆ రెండు రోజులూ తిరగని చోటు లేదు. కుసైస్‌లో బంగారం మీద అప్పిచ్చేవాడి దగ్గరికి వెళ్ళాను. చీటీ ముందుగా పాడతానని అడిగాను. మొదటి ఏడాదికి యాభై రెండు వేల రెండు వందలు, అట్లాంటివి నాలుగేళ్ళు. ఎటు కూడినా రాలేదు. గురువారం సాయంత్రం అయిదింటికి గడువు అయిపోయింది. ఆ టైముకి ఫైజా హాల్లో కూర్చుని నాకు సబ్బులు డజన్లు కడుతోంది. వచ్చే ఏడాది మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టాలట, కొత్త ఆరు నెలల కాగితాలతో.

"ఒక్క ఫారంలో నువ్వు రెండు చోట్ల ఉన్నావమ్మీ," అంది తల ఎత్తకుండా. "నీ పేరు పక్కన సున్నా. అబ్బా పేరు కింద ఎనిమిది వేల నాలుగు వందలు."

చెంపమీద కొట్టినా అంత తగలదు. అది నిందగా అనలేదు, చూసింది చెప్పింది.

ఆదివారం ఆడవాళ్ళు వచ్చారు. "ఈసారి నించి మిషన్లో వెయ్యద్దు, నా చేతికియ్యండి," అని ఒక్కొక్కరికీ చెప్పాను. సోమవారం ఫైజాని తీసుకుని బ్యాంకుకి వెళ్ళి నా పేరున ఖాతా తెరిచాను. వచ్చేదీ అందులోకే, సనావుల్లాకి పోయేదీ అందులోనుంచే. లైసెన్సుకి ఎంతవుతుందో కనుక్కున్నాను, దానికి కూడబెట్టాలి. ఇవన్నీ చేసినా వచ్చే ఏడాది ఆ మెట్టు ఎక్కడుంటుందో, సీటు ఉంటుందో లేదో నాకు తెలియదు. పోయిన ఏడాదిని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు. ఫైజా ఇప్పుడు ఒక టైపింగ్ సెంటర్లో ఇతరుల ఫారాలు నింపుతోంది.

నెలాఖరున, అద్దె చెక్కు బ్యాంకుకి వెళ్ళే ముందు రోజు, మా ఆయన సోఫాలో కూర్చుని ఫోను చాలాసేపు చూశాడు. తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ చూశాడు.

"ఏందే ఇది? ఈ నెల ఎనిమిది వేలు తక్కువ పడిందే?"

నేను తక్కెడ మీద ఖాళీ పెట్టె పెట్టి ముల్లు నిలబడేదాకా చూస్తున్నాను.

"తక్కువేం పడలేదు," అన్నాను. "మీ జీతం మొత్తం పడింది. చూడండి."