గోతిలోకి దించని కోడి

జ్ఞానదాసును గోతిలోంచి పైకి లాగేసరికి అతని చేతిలో బకెట్టు ఇంకా ఉంది. ఒళ్లంతా పేడ. పెదాలు నీలంగా మారిపోయాయి. డెయిరీ యజమాని భీమశంకరరావు పంచె తడవకుండా ఎత్తిపట్టుకుని, "తాగి పడ్డాడు," అన్నాడు. కానిస్టేబులు అదే రాసుకున్నాడు.

తాగి! దువ్వాడ పక్కన మా పేటలో ఆదివారం చర్చి గంట కొట్టేది అతనే. మా అక్క ఫ్లోరెన్స్ భర్త, నాకు బావ. పండక్కి కూడా కల్లు ముట్టి ఎరగడు. నేను పోర్టులో బస్తాలు మోసే కళాసీని. ఆ రోజు పని దొరక్క ఇంటి దగ్గరే ఉండిపోయాను, అరుపులు విని పరిగెత్తి, ఇదంతా నా కళ్లతో చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా పొలాలు స్టీల్ ప్లాంటు కింద పోయాయి. గేదెలు మిగిలాయి. ఎనభై రెండులో భీమశంకరరావు తన పాల డెయిరీలో బావిలాంటి గొయ్యి కట్టించి, దాని మీద ఇనుప డ్రమ్ము బోర్లించాడు. "మీ పేడంతా ఇందులో పొయ్యండి, గోబర్ గ్యాస్ పుడుతుంది, ఇంటింటికీ గొట్టం వేయిస్తాను," అన్నాడు. సర్కారు కాగితాల్లో అది పేట జనం గ్యాసు. రెండేళ్లు మా ఆడవాళ్లు పిడకలు మానేసి, తట్టలతో పేడ మోశారు. గ్యాసు నిండి డ్రమ్ము రోజూ పైకి లేచేది. గొట్టం మాత్రం ఒక్కటే వేశారు. అది వాడి వంటింట్లోకి వెళ్లింది. మేము పుల్లలు ఏరుకుని వండుకున్నాం.

ఆ గ్యాసు చూడ్డానికి పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. గోతి అడుగున మడ్డి తీయించాలని భీమశంకరరావు డ్రమ్ము ఎత్తించి, ఆ పొద్దునే కూలికి పిలిచి బావను దింపాడు. లోపల గ్యాసుకి ఊపిరాడక బావ నిలువునా కూలిపోయాడు.

సమాధి చేసి వచ్చి అందరం చర్చి వరండాలో కూర్చున్నాం.

"ఆడి కొంప తగలెట్టేద్దాం," అన్నాడు జ్ఞానదాసు తమ్ముడు శుభాకర్.

"తగలెట్టి ఏటి సేత్తావ్? రేపు మనందర్నీ లోపలేత్తారు," అంది మా పేట పెద్దావిడ వరహాలమ్మ.

ఎవరి అరుపు వారిది. అప్పుడు మూలనున్న గవర్రాజు లేచాడు. భీమశంకరరావు డెయిరీలో పాలు పితికే ముసలాయన.

"నాను ఓ మాట సెప్పాలి. డ్రమ్ము బిగించిన మెకానిక్కు నా ముందే సెప్పాడు. గోతిలో మనిసిని దించేముందు బుట్టలో కోడిని దించాలంట. అది బతికుంటేనే మనిసి దిగాలంట. పొద్దున్న ఆ మాట గురుతు సేత్తే బాబు నవ్వాడు. కోళ్లు ఆఫీసరుగారి కూరకి ఉంచాం, ఎల్లెల్లు అన్నాడు."

బావ ప్రాణం వాడికి కోడిపాటి కూడా చేయలేదు.

"మరి దాసు దిగుతంటే నీ నోరేటైంది?" అంది అక్క.

"పని పోద్దని భయపడ్డానమ్మా," అని గవర్రాజు ఏడ్చాడు. శుభాకర్ కొట్టబోతే నేనే పట్టుకున్నాను.

అక్క కళ్లలో నీళ్లు లేవు. "తాగి సచ్చాడన్న రాత నా మొగుడి మీద ఉండకూడదు. నానే దించానని ఆడి నోటితో నలుగురి ముందూ సెప్పించాలి. రేపట్నించి ఆ గోతికి పిడికెడు పేడ ఎల్లకూడదు. గవర్రాజు మావా, ఈసారి నోరు తెరుత్తావా?"

"తెరుత్తానమ్మా."

మూడో రోజు ఆఫీసరు జీపు వచ్చింది. వాసన రాకుండా భీమశంకరరావు గోతి మీద టార్పాలిన్ బిగించి, చుట్టూ ముగ్గులు పెట్టించాడు. పేట పేటంతా ఆ ముగ్గులు తొక్కుకుంటూ వెళ్లాం. గోతిలో పొయ్యని పేడ తట్టలు ఆడవాళ్ల నెత్తిన ఉన్నాయి. అక్క చంకలో బుట్ట, బుట్టలో మా ఇంట్లో గుడ్లు పెట్టే ఒకే ఒక్క పెట్ట.

"ఏమిటిది?" అన్నాడు ఆఫీసరు.

"రూలు సార్," అన్నాడు గవర్రాజు. మెకానిక్కు చెప్పిందీ, బాబు నవ్విందీ దాపరికం లేకుండా చెప్పేశాడు.

"అబద్ధం! వీడు తాగుబోతు," అని భీమశంకరరావు అరుస్తూనే ఉన్నాడు. శుభాకర్ టార్పాలిన్ లాగేశాడు. అక్క తాడు కట్టి బుట్ట దించింది. పెట్ట రెండు సార్లు రెక్కలు కొట్టుకుంది. పైకి లాగేసరికి మెడ వేలాడేసింది. ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

చచ్చిన కోడిని అక్క భీమశంకరరావు కాళ్ల ముందు పడేసింది. "ఇప్పుడు నువ్వు దిగు."

వాడు పారిపోబోయి పేడలో జారిపడ్డాడు. మేము ఊరుకోలేదు. చొక్కా పట్టుకుని గోతి అంచుకి ఈడ్చాం. నేను అబద్ధం చెప్పను, నా చెయ్యి వాడి మెడ మీదే ఉంది. తోసేయాలనే ఉంది. వాడి ఏడుపు నాకు తీపిగా వినిపించింది.

"తొయ్యకు తమ్ముడా. ముందు సెప్పించు," అంది అక్క.

"నేనే దించాను," అన్నాడు వాడు.

"గట్టిగా!" అని రెండొందల గొంతులు అరిచాయి.

"నేనే దించాను! కోడి సంగతి నాకు తెలుసు! వాడు తాగలేదు!"

"రాసుకోండి సార్," అంది అక్క. ఆఫీసరు రాసుకున్నాడు. కింద గవర్రాజు వేలిముద్ర వేశాడు.

అప్పటికి పోలీసు వ్యాను వచ్చేసింది. లాఠీలు లేచాయి. అక్కనీ, గవర్రాజునీ, శుభాకర్‌నీ, నన్నూ ఎక్కించారు. వాణ్ణి మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు.

మా రక్తం ఉడికిపోతోంది. వ్యాను కదులుతుంటే కిటికీలోంచి చూశాం. వరహాలమ్మ తట్ట దించి, పేడ ముద్ద తీసి, డెయిరీని ఆనుకున్న వాడి మేడ చుట్టూ ఉన్న తెల్లటి ప్రహరీ గోడకు టపీమని కొట్టింది. ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి. ఆమె వెనక పేటలోని ఆడవాళ్లందరూ. గోడ పొడుగునా పిడకలు.

"రేపు మళ్లీ సున్నం ఏయించుకుంటాడు," అన్నాడు కానిస్టేబులు.

"ఏయించుకోనీ," అంది అక్క. "సున్నం ఆడిది, పేడ మాది. ఎండితే ఒలుసుకెల్లి పొయ్యిలో పెట్టుకుంటాం. ఎల్లుండి మళ్లీ కొడతాం."

వ్యాను మలుపు తిరిగేసరికి ఆ గోడ మీద తెలుపు కనపడలేదు.