ముఖం చూసి చెప్పే థాంక్యూ

సరోజన కంటి ఆపరేషన్ తేదీ కోసం చలికాలమంతా, ఎండాకాలమంతా ఎదురుచూశారు. తీరా ఆ రోజు వచ్చేసరికి బస్సు కదలడం లేదు.

కెనడాలోని ఈ లండన్ ఊరికి కాలేజీలు తెరిచే సెప్టెంబరులో పిల్లలు వరదలా వచ్చిపడ్డారు. బస్సులో సగం మంది మన తెలుగు పిల్లలే. ఆలస్యమైతే వేరేవాళ్ళను పిలుస్తామనీ, మళ్ళీ తేదీ దొరికేది మంచు కరిగాకేననీ ఆస్పత్రివాళ్ళు ముందే ఫోన్లో చెప్పారు. కూతురు స్నేహ నైట్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వస్తానంది. కొమరయ్య భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టి, పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

స్టాపు వచ్చినప్పుడల్లా అదే తంతు. వెనక డోరు పక్కనున్న పిల్లలు కూడా జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, డ్రైవరమ్మ ముఖం చూసి థాంక్యూ చెప్పి మరీ దిగుతున్నారు. వాళ్ళు దిగితే గాని కిందివాళ్ళు ఎక్కలేరు. ఎక్కినవాళ్ళు కార్డు తాకించి లోపలికి జరిగేలోగా సిగ్నల్ ఎర్రబడుతుంది. బస్సు ఆలస్యమయ్యేకొద్దీ వచ్చే స్టాపులో జనం ఇంకా పోగవుతున్నారు.

ఆ అలవాటు నేర్పింది సరోజనే. ఈ ఊరివాళ్ళు వెనకనుంచి దిగుతూ థాంక్యూ అని అరిచి పోవడం ఆమెకు నచ్చలేదు. వేసవిలో మాల్‌కు నడకకు పోయినప్పుడల్లా, కొత్తగా వచ్చిన పిల్లలను పిలిచి, మనల్ని మోసుకొచ్చిన మనిషికి వీపు చూపించి పోవద్దని చెప్పేది. ఇద్దరు ముగ్గురు పాటించినప్పుడు ముచ్చటగానే ఉండేది. ఇప్పుడు ఒకరిని చూసి ఒకరు, బస్సు బస్సంతా పాటిస్తోంది.

"నా నోరే నా కండ్లకు అడ్డమొచ్చింది గదయ్యా," అంది సరోజన మెల్లగా. "నువ్వన్న చెప్పు. నేర్పినదాన్నే వద్దంటే నవ్వుతరు."

కొమరయ్య నలుగురిలో నోరు విప్పే మనిషి కాడు. పెళ్ళిపీటల మీద పంతులు గద్దిస్తే గాని మంత్రం పలకలేదని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన కడ్డీ వదలకుండానే వెనక్కి తిరిగాడు.

"బిడ్డా, జర వెనకనుంచే దిగుండ్రి. ఆంటీకి ఇయ్యాల కంటి ఆపరేషన్. థాంక్యూ ఆడికెల్లే గట్టిగ చెప్పుండ్రి, డ్రైవరమ్మకు చెవులున్నయి."

"అంకుల్‌కి మాటలొచ్చా?" అంది ధాత్రి. వేసవి నుంచీ వాళ్ళతో ప్రయాణించే పిల్ల. బస్సు గొల్లుమంది. నవ్వుతూనే ఆమె మిగతావాళ్ళను వెనక డోరు వైపు తోలింది.

తర్వాతి స్టాపులో ముందునుంచి ఎక్కేవాళ్ళు ఎక్కుతుండగానే వెనకనుంచి దిగేవాళ్ళు దిగిపోయారు. థాంక్యూలు బస్సంతా మోగాయి. డ్రైవరమ్మ అద్దంలో చూసి చెయ్యెత్తింది. సిగ్నల్ పచ్చగా ఉండగానే బస్సు దాటింది.

వాళ్ళు ఆస్పత్రి మెట్లెక్కేసరికి స్నేహ గుమ్మంలోనే నిలబడి చెయ్యి ఊపుతోంది. లోపల సరోజన పేరు పిలుస్తున్నారు.

నర్సు ఆమెను లోపలికి తీసుకుపోయింది. ఆమె కళ్ళద్దాలు కొమరయ్య చేతిలో ఉండిపోయాయి. వాటిని జేబులో పెట్టుకుంటూ, "సల్లగుండుండ్రి," అన్నాడు.

"ఎవరు బాపూ?" అంది స్నేహ.

"బస్సుల పిల్లలు," అన్నాడాయన.