వెయిట్‌కి వ్యతిరేకం

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఐదుగురు. వంటింట్లో తల్లి మీనాకుమారి, వసారాలో మడతమంచం మీద తాతయ్య అప్పాజీ, ఆయన కాళ్ల దగ్గర పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తున్న మామ్మ పాపాయమ్మ, పొద్దున్నే నిడదవోలు నుంచి వచ్చిన మేనత్త కూతురు పూజిత, ముందుగదిలో గోడకు అంటుకుపోయి నిలబడ్డ పావని. తండ్రి నాగేశ్వరప్రసాద్ ధాన్యం లారీతో పాటు మిల్లుకు వెళ్లాడు. ఆయన కూడా ఉండి ఉంటే పావనికి ఇంకో రెండు కళ్లు ఎక్కువయ్యేవి.

ఆ పిల్ల తంటా అంతా కళ్లతోనే. ఎవరైనా తనవైపు చూస్తే చాలు, నోట్లో మాట నోట్లోనే ఆరిపోతుంది. ఊళ్లో హైస్కూల్లో పదో తరగతి. హాజరు పలకడం తప్ప క్లాసులో ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. చెప్పాలనుకున్నవన్నీ రాత్రి పడుకోబోయే ముందు డైరీలోకి వెళ్లిపోతాయి. ఇంగ్లీషు టీచరు సువార్తమ్మగారు మాత్రం ఆమె రాసిన వ్యాసాలు చూసి, ఒక పోటీకి ఆమె పేరిచ్చేశారు. రోజూ వాడే ఇంగ్లీషు క్రియ ఒకటి తీసుకుని, దాని అర్థాలు, పుట్టుక, వ్యతిరేకం మూడు నిమిషాల్లో చెప్పి వీడియో పంపాలి. తెలుగులో చెప్పినా సరే, కానీ ఉదాహరణలు సొంత ఇంట్లోవి అయి ఉండాలి. సాయంత్రం ఐదింటికి గడువు.

పేరిచ్చిన రోజున లెక్కల మాస్టారు నవ్వారు. "ఆ పిల్ల నోరు తెరవడం ఎవరైనా చూశారా అండీ?"

"నేను చూస్తానండి," అన్నారు సువార్తమ్మగారు.

హాజరు పుస్తకం పట్టుకుని స్టాఫ్‌రూమ్ గుమ్మం బయట నిలబడ్డ పావని ఆ మాట విన్నది. అప్పట్నుంచీ ఆమెకు ఒకటే బెంగ. ఓడిపోతానని కాదు. టీచరుగారి మాట ఒట్టిదైపోతుందని.

ఇప్పుడు మూడున్నర. నాలుగుసార్లు మొదలుపెట్టింది, నాలుగుసార్లూ ఆగిపోయింది.

"రెడీయా? ఊఁ, కానీ," అంది పూజిత ఫోను ఎత్తిపట్టి.

"నా పేరు పావని..." అని, పూజిత చేతిలో ఫోను చూసి చూపు నేలకు దించేసింది.

"నీ పేరు మాకు తెలుసులే మరదలా. తర్వాతది చెప్పు."

"గట్టిగా మాట్లాడమనవే! నాకు వినపడ్డంలేదు," అని కేకేసింది మీనాకుమారి వంటింట్లోంచి.

"ఇంకా ఏం మాట్లాడలేదత్తా!"

పావని కళ్లలో నీళ్లు తిరిగాయి. పూజిత అది చూసి ఫోను పక్కన పెట్టింది. "సర్లే, ఏడవకు. ఆ కాగితం ఇలా ఇయ్యి. నేను చదువుతా, నువ్వు విను," అంటూ వసారాలోకి వచ్చి గడప మీద కూర్చుంది. పావని ఆమె వెనకాలే వచ్చి స్తంభం చాటున నిలబడింది.

"వెయిట్. అర్థాలు. ఒకటి, ఆగడం. రెండు, ఒకరి కోసం ఎదురుచూడడం. మూడు, వడ్డించడం. వడ్డించడమేంటే?"

"హోటల్లో వెయిటర్ ఉంటాడు కదా వదినా," అంది పావని సన్నగా.

"అయితే ఈ ఇంట్లో వెయిటర్ని నేనే," అంది మీనాకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చి. "తిరపతి టిక్కెట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయని మీ మావయ్య మూడు నెల్లనుంచీ చెబుతున్నారు. అదీ రాసుకో."

"నాలుగు, పొంచి ఉండడం. చేపల చెరువు గట్టున కొంగలాగా. బావుందే! ఇంక పుట్టుక. పాతకాలపు ఫ్రెంచి యాసలోంచి వచ్చింది. అప్పట్లో దీనికి అర్థం మేలుకుని కాపలా కాయడం. మేలుకోవడం అనే అర్థమున్న వేక్, కనిపెట్టి చూడడం అనే అర్థమున్న వాచ్ దీనికి చుట్టాలు. మన భాషలోనూ ఎదురుచూడడం అంటాం, కాచుకుని ఉండడం అంటాం. చూడాలన్నా కాయాలన్నా కన్ను తెరిచే ఉండాలి." పూజిత తలెత్తింది. "ఇది నెట్‌లో ఉందా?"

పావని తల అడ్డంగా ఊపింది.

"నువ్వే రాశావా! మరి వ్యతిరేకం దగ్గర ఇలా కొట్టేశావేంటి? వెళ్లిపోవడం కొట్టేశావు, తొందరపడడం కొట్టేశావు. ఖాళీ."

"అవి సరిగ్గా లేవు వదినా. ఇంట్లోది దొరకలేదు."

పూజిత కాగితాన్ని విసనకర్రలా ఊపుతూ నవ్వింది. "మేలుకుని కాపలా కాయడమైతే ఈ సబ్జెక్టులో మన తాతయ్య ఫెయిలు!"

మీనాకుమారికి కూడా నవ్వాగలేదు. ఆ కథ ఊరంతా తెలుసు. వీళ్ల పొలం కాలవకు చిట్టచివర. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. తమ వంతు వచ్చిన రాత్రి పార పట్టుకుని, చేలోకి నీళ్లొచ్చే బోదె గట్టు మీద ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. మనిషి కునుకు తీశాడా, పై పొలంవాళ్లు బోదెకు అడ్డం వేసి నీళ్లు మళ్లించుకోవచ్చు. అడగడానికి లేదు. అది ఊరి కట్టుబాటు. ఒక ఏడు అప్పాజీ అలా నిద్రపోయాడు. పొట్టమీదున్న చేను ఎండి, ఎకరం గింజ పట్టక తాలుపోయింది. ఈనాటికీ పెళ్లిళ్లలో ఆయన పక్కన కూర్చున్నవాళ్లు, "ఏంటి అప్పాజీ, మేలుకునే ఉన్నావా?" అని మోచేత్తో పొడుస్తారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇప్పుడూ అలాగే నవ్వాడు.

పాపాయమ్మ చేతిలో చింతపండు పళ్లెంలో పడేసింది.

"ఆపండే. నిద్రపోయింది ఆయన కాదు, నేను."

"పాపా," అన్నాడు అప్పాజీ మెల్లగా.

"చెప్పనివ్వండి. నలభై అయిదేళ్లయింది." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ రోజు మీ తాతగారికి ఒళ్లు తెలీని జ్వరం. వంతు పోతే చేను పోతుంది. పాకుతున్న మీ నాన్నని మా అత్తగారి పక్కలో పడుకోబెట్టి, పార తీసుకుని నేనే వెళ్లాను. ఆడది గట్టు మీద రాత్రి కూచుందంటే ఏమంటారోనని ఎవరికీ చెప్పలేదు. పిల్లాడితో నిద్దర్లేదేమో, కూచున్నచోటే కన్నంటుకుపోయింది. లేచి చూస్తే బోదెలో తడి తప్ప ఏంలేదు. నీళ్లన్నీ పై పొలం పల్లంరాజుగారి చేలో ఉన్నాయి."

పూజిత చేతిలో ఊగుతున్న కాగితం ఆగిపోయింది.

"ఏడుస్తూ వచ్చి చెప్పాను. ఒక్క మాటనలేదు. తెల్లారకుండానే, ఆ జ్వరంతోనే దుప్పటి కప్పుకుని వెళ్లి, ఆ గట్టు మీద కూచున్నారు. పొద్దున్నే పొలాలకెళ్లేవాళ్లు అడిగితే, కన్నంటుకుపోయింది అన్నారట. అప్పట్నుంచీ అందరి నవ్వులూ ఆయనకే."

అప్పాజీ మంచం పట్టీ వైపు చూస్తున్నాడు. పూజిత మొహం ఎర్రబడింది. "సారీ తాతయ్యా," అంది.

"దేనికే? నాకేం నొప్పెట్టిందని?"

అప్పుడు స్తంభం చాటునుంచి ఒక గొంతు వినిపించింది. పావని గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"వ్యతిరేకం నిద్రపోవడం! అసలు అర్థం మేలుకుని ఉండడం కదా. వెళ్లిపోవడం కాదు వదినా. మామ్మ ఎక్కడికీ వెళ్లిపోలేదు. అక్కడే ఉంది. ఉండి కూడా..."

"అదీ!" పూజిత ఎగిరి లేచింది. "ఇదే చెప్పు, ఇలాగే చెప్పు! అత్తా, ఆ లైటెయ్యి. అమ్మమ్మా, నువ్వూ రా, వెనకాల కూచో."

ముగ్గురూ పావని వెనకాలే ముందుగదిలోకి తోసుకొచ్చారు. ఫోను పైకి లేచింది. ఆరు కళ్లు, ఫోనుది ఇంకోటి. పావని నోరు తెరిచింది. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. గోడ గడియారంలో నాలుగుంబావు.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అప్పాజీ ఆ పిల్ల మొహం కాసేపు చూశాడు. ఎదుటివాళ్లు చూస్తుంటే మనిషికి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

"పదండి పదండి, అందరూ బయటికి," అన్నాడు. "అమ్మాయ్, ఆ నొక్కేదెక్కడో చూపించి నువ్వు కూడా రా."

"నేను పట్టుకోకపోతే ఎలా తాతయ్యా?"

"బల్ల మీద ఏదైనా డబ్బాకి ఆనించు. డబ్బాకి కళ్లుండవు."

పూజిత ఫోనును మరమరాల డబ్బాకు ఆనించి, ఎర్ర గుర్తు చూపించి, మరదలి బుగ్గ గిల్లి వెళ్లింది. మీనాకుమారి కూతురి జడ సర్ది, ఇంకేదో చెప్పబోయి మామగారి మొహం చూసి వెళ్లిపోయింది.

"తాతయ్యా," అంది పావని గుసగుసగా. "ఆ సంగతి చెప్పనా మరి? ఊళ్లో అందరూ వింటారు."

అప్పాజీ వెనక్కి తిరిగి భార్యవైపు చూశాడు. పాపాయమ్మ వసారాలో పీట మీద మళ్లీ కూర్చుంటోంది.

"చెప్పవే తల్లీ," అంది ఆమె. "దాచింది చాల్లే."

"విన్నావుగా," అన్నాడాయన. "తప్పొస్తే మళ్లీ చెప్పుకో. ఇటువైపు ఎవర్నీ రానివ్వను."

పావని ఫోనువైపు తిరిగి ఓణీ సర్దుకుంది. అప్పాజీ గడప దాటి, రెండు తలుపు రెక్కలూ దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా మూసేశాడు.