ఎలుక దాచిన విత్తనం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, దూరంగా ఉంటే సగం మాట గాలికే పోతుంది.

తెల్లదొరల ఏలుబడిలో, కొమరోలు పక్క పల్లెలో అలివేలమ్మ అనే కోడలుండేది. ఆ ఇంట్లో విత్తనం ఆమె పెత్తనం. పొగ తగిలితే పురుగు పట్టదని పచ్చజొన్న కంకులు బుట్టలో పెట్టి పొయ్యిమీద వాసానికి వేలాడగట్టేది. ముందటేడు కరువులో పిల్లలు ఆకలికి ఏడ్చినా ఆ బుట్టలో చెయ్యి పెట్టలేదు.

ఆ ఎండాకాలం ఆవు పాలు తగ్గాయి. గడ్డివామిలో ఉండే జెర్రిపోతు పాము పొదుగు తాగుతోందని ఆమె మొగుడు ఎర్రయ్య దాన్ని కొట్టి చంపాడు. పాలు పెరగలేదు, ఎలుకలు పెరిగాయి.

మృగశిర వాన కురిసింది. నేల పదునెక్కింది. ఎర్రయ్య ఎద్దులకు విత్తే గొర్రు కట్టి విత్తనం తెమ్మని కేకేశాడు. బుట్ట దించిన అలివేలమ్మ చేతికి ఊక మాత్రమే తగిలింది. కరువు దాటిన ఊళ్లో ఎవరి గింజ వాళ్లకే చాలదు, అప్పు పుట్టదు. గట్టిగా ఎండకాస్తే పదును ఆరిపోతుంది, దాంతో ఏడాది తిండీ పోతుంది.

అప్పుడే, నల్లమల అడవి నుంచి తేనె అమ్మడానికి వచ్చే గురవమ్మ, తేనెకు బదులు జొన్నలు పోయమని వాకిట్లో నిలబడింది. జొన్నలన్నీ ఎలుకలపాలైనాయని అలివేలమ్మ కళ్లొత్తుకుంది.

"ఎలుక అన్నీ ఆపూటకే తింటదా అక్కా? దానికీ పిల్లలుండ్లా? దాసిపెట్టుకోనుంటది."

గురవమ్మ గునపంతో గడ్డివామి వెనక తవ్వింది. మొదటి బొరియ ఖాళీ. రెండోదాంట్లో కంకులున్నాయి గానీ వానకు తడిసి కుళ్లిపోయాయి. గోడ పక్కనున్న మూడోదాంట్లో కంకులు పేర్చినట్టున్నాయి, పొడిగా. పొలానికంతా చాలవు, సగానికి వస్తాయి.

గురవమ్మ దొరికిన ఎలుకల్ని తన బుట్టలో వేసుకుంది. ఇదేంది, తవ్వినందుకు కూలా అని ఎర్రయ్య ఎగతాళి చేశాడు.

"వీటిని తినే పామును నువ్వు సంపినావు గదన్నా. దాని వంతు నేను దీసుకపోతాండా."

ఎర్రయ్య వెళ్లి గొర్రు పట్టాడు. మొలక కనబడేదాకా అలివేలమ్మకు ముద్ద దిగలేదు. రోజూ చాళ్ల వెంట వంగి చూసేది. ఒకనాడు తెల్లవారేసరికి నేల చీల్చుకుని పచ్చటి మొనలు కనిపిస్తే, అక్కడే కూర్చుని ఏడ్చింది.

పంట ఇంటికొచ్చాక గడ్డివామిలోకి ఇంకో జెర్రిపోతు చేరింది. ఎర్రయ్య కర్ర ఎత్తి, మళ్లీ దించి, ఆవును గడ్డివామికి దూరంగా అవతలి గుంజకు కట్టేశాడు.

మరిచిపోవద్దు నాయనా. రేపు మీ ఇంట్లో ఎవరన్నా గడ్డివామి దగ్గర కర్ర ఎత్తితే, ఆ చెయ్యి పట్టుకుని ఈ కథ చెప్పండి.